అన్‌ఫార్చునేట్లీ: స్పెల్లింగ్‌ను బట్టి విడగొట్టాలా, శబ్దాన్ని బట్టా?

హనుమకొండలో స్పోకెన్ ఇంగ్లిష్ నేర్చుకునే మన పిల్లలకు ఈ మాటను రెండు రకాలుగా విడగొట్టి చెప్పొచ్చు.

స్పెల్లింగ్‌ను బట్టి అయితే అన్, ఫార్చునేట్, లీ. అర్థం వెంటనే తెలుస్తుంది. పలకడానికి మాత్రం పెద్దగా సాయపడదు.

శబ్దాన్ని బట్టి అయితే అన్-ఫార్-చు-నట్-లీ. మొత్తం 5 సిలబుల్స్ (ఒక్క ఊపులో పలికే ముక్కలు), స్ట్రెస్ (ఒత్తి పలకడం) రెండోదాని మీద. ‘ఫార్’ను గట్టిగా, కాస్త సాగదీసి అనాలి, ‘చు’, ‘నట్’ తేలిపోవాలి. తెలుగులో ప్రతి అక్షరాన్నీ నిండుగా పలుకుతాం కదా, అందుకే అలా తేలిగ్గా వదిలేయడమే మనకు కష్టం. నేనైతే ముందు శబ్దాన్ని బట్టి విడగొట్టడమే నేర్పమంటాను.

‘లీ’ చేరినా స్ట్రెస్ సాధారణంగా కదలదు. ‘నెసెసరీ’ లాంటి మాటలతో మాత్రం జాగ్రత్త: అందులో స్ట్రెస్ మొదటి సిలబుల్ మీద, ‘నెసెసరిలీ’లో చాలామంది మూడోదాని మీద పెడతారు.