హాబ్‌ను గట్టు మీద కూర్చోబెట్టాలా, గట్టులోకి దించాలా: ఏది మేలు?

హాబ్, అంటే వంటగట్టులో బిగించే పొయ్యి, కొనేముందు ఎన్ని బర్నర్లుండాలి, గ్యాస్‌ది తీసుకోవాలా ఇండక్షనా, గాజు నల్లగా ఉంటే బాగుంటుందా అని వారాల తరబడి చూస్తాం. దాన్ని గట్టులో ఎలా బిగించాలన్నది మాత్రం రాయి కోసే మనిషికి వదిలేస్తాం. నిజానికి హాబ్ నచ్చకపోతే మార్చుకోవచ్చు, గట్టుకు పెట్టిన కోతను మార్చలేం. అందుకే ముందు తేల్చుకోవాల్సింది కోత సంగతి.

పద్ధతులు రెండు. డ్రాప్-ఇన్‌లో హాబ్ గాజు కన్నా కాస్త చిన్న కోత పెడతారు. హాబ్ కింది పెట్టె అందులోకి దిగుతుంది, గాజు అంచులు గట్టు మీద ఆనుకుంటాయి. ఫ్లష్‌లో అయితే కోత చుట్టూ గాజు మందానికి సరిపడా చిన్న మెట్టు చెక్కుతారు. గాజు ఆ మెట్టు మీద కూర్చుని గట్టుతో సమంగా వస్తుంది. చుట్టూ మిగిలిన సన్నని సందును వేడిని తట్టుకునే సిలికాన్‌తో నింపుతారు.

చూడ్డానికి ఫ్లషే బాగుంటుంది, అందులో వాదన లేదు. తుడిచేటప్పుడు కూడా గుడ్డ ఎక్కడా ఆగకుండా జారిపోతుంది. డ్రాప్-ఇన్‌లో గాజు అంచు పక్కన జిడ్డు చేరుతుంది, అప్పుడప్పుడూ పాత టూత్‌బ్రష్‌తో రుద్దాలి. అయితే ఈ సుఖమంతా ఇండక్షన్ వాళ్లకే. గ్యాస్ హాబ్ మీద ఎలాగూ గిన్నెలు నిలబెట్టే స్టాండ్లు, బర్నర్లు ఉంటాయి. వాటిని ఎత్తి, చుట్టూ తుడిచేవాళ్లకు అంచు దగ్గర నాలుగైదు మిల్లీమీటర్ల ఎత్తు పెద్ద అడ్డేం కాదు. అందుకే గ్యాస్ హాబ్‌కు ఫ్లష్ కోత పెట్టించడం నాకు దండగ ఖర్చుగానే కనిపిస్తుంది.

అసలు తేడా కొలతల దగ్గర వస్తుంది. 60 సెంటీమీటర్ల హాబ్‌లు చాలావాటికి కోత 560 × 490 మిల్లీమీటర్లు. డ్రాప్-ఇన్‌లో గాజు ఈ కోతను నాలుగు వైపులా కప్పేస్తుంది కాబట్టి, కోసే మనిషి చెయ్యి కాస్త అటూ ఇటూ పోయినా, అంచు కొద్దిగా పెచ్చులూడినా బయటికి కనిపించదు. ఫ్లష్‌లో ఆ దాపరికం లేదు. గాజు చుట్టూ సందు ఒకటి రెండు మిల్లీమీటర్లే ఉంటుంది. అది ఒక పక్క సన్నగా, ఇంకో పక్క వెడల్పుగా వస్తే వంటగదిలోకి వచ్చిన ప్రతివాళ్లకీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మెట్టు లోతు కూడా అంతే. గాజు మందానికి, దాని కింద అంటించే మెత్తటి టేపు మందం కూడా కలిపి లెక్కపెట్టాలి. లోతు తక్కువైతే గాజు అంచు రాయికి పైన నిలుస్తుంది. బలమైన గాజుకైనా అంచే బలహీనమైన చోటు, బరువైన గిన్నె అక్కడ తగిలితే చాలు. లోతు ఎక్కువైతే గాజు పల్లంలో పడి, చుట్టూ మురికి నిలుస్తుంది.

ఇంకో మాట, ప్రతి హాబ్‌నూ ఫ్లష్‌గా దించలేం. అంచుకు స్టీల్ పట్టీ ఉన్నవీ, అంచు ఏటవాలుగా చెక్కినవీ సాధారణంగా గట్టు మీద ఆనడానికే చేస్తారు. మాన్యువల్‌లో ఫ్లష్ బొమ్మ విడిగా ఇచ్చారో లేదో చూశాకే ఆశపడండి.

గట్టు దేనితో చేశారన్నది కూడా ముఖ్యమే. గ్రానైట్, క్వార్ట్జ్ రెండింటికీ రెండు పద్ధతులూ కుదురుతాయి. క్వార్ట్జ్‌లో రాతిపొడిని రెసిన్‌తో అతికిస్తారు కాబట్టి గ్రానైట్ అంత వేడిని అది ఓర్చుకోదు. కాలుతున్న గిన్నెను దించి నేరుగా దాని మీద పెట్టకూడదు. చెక్కపొట్టుతో చేసిన బోర్డు మీద లామినేట్ అంటించిన గట్టయితే ఫ్లష్ ఆలోచనే మానుకోండి. మెట్టు చెక్కితే లోపలి పొట్టు బయటపడుతుంది, దానికి తడి తగిలితే ఉబ్బిపోతుంది. డ్రాప్-ఇన్‌లో కూడా కోసిన అంచులకు వార్నిషో సిలికానో పూసి, ఆరాకే హాబ్ దించాలి.

రాయి ఏదైనా కోత మూలలు గుండ్రంగా ఉండాలి. మూల కచ్చితమైన లంబకోణంలో ఉంటే ఒత్తిడంతా అక్కడే చేరి పగులు మొదలవుతుంది, ఆ పగులు ముందంచు దాకా పాకుతుంది. కోతకు ముందూ వెనకా మిగిలే సన్నని రాతి పట్టీలే స్లాబ్‌లో అన్నిటికంటే బలహీనం. కోత పెట్టిన స్లాబ్‌ను మెట్లెక్కించేటప్పుడు ముందుగా విరిగేవి అవే. ఈ భయంతోనే కొందరు స్లాబ్ బిగించాక ఇంట్లోనే కోయిస్తారు. డ్రాప్-ఇన్‌కు అది నడుస్తుంది. కానీ ఆ దుమ్ము మామూలు దుమ్ము కాదు, అందులోని సిలికా ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. నీళ్లు పోస్తూ కోయడం, కోసేవాళ్లు సరైన మాస్క్ పెట్టుకోవడం తప్పనిసరి. ఫ్లష్ మెట్టును మాత్రం వర్క్‌షాపులో మెషీన్ మీదే చెక్కించాలి. చేతి గ్రైండరుతో మెట్టు చదునుగా తెస్తానని ఎవరన్నా నేనైతే నమ్మను.

ఇక రిపేరు సంగతి. నా మొగ్గు డ్రాప్-ఇన్ వైపు ఉండటానికి ముఖ్యమైన కారణం ఇదే. డ్రాప్-ఇన్ హాబ్ అంచు కింద మెత్తటి ఫోమ్ టేపు చుట్టూ వరసగా అంటిస్తారు, రెండు కొసలూ సందు లేకుండా కలవాలి. పైనుంచి నీళ్లు దిగకుండా చూసేది ఆ టేపే. కింద క్లాంపులు బిగిస్తే పని పూర్తయినట్టే. ఇండక్షన్‌లో ఫ్యానో సర్క్యూట్ బోర్డో పోయినప్పుడు క్లాంపులు విప్పి, కింది నుంచి కొద్దిగా నెడితే హాబ్ పైకొస్తుంది. ఇంత తేలికైన ఏర్పాటుకు కొందరు అదనపు జాగ్రత్తంటూ గాజు కింద సిలికాన్ పట్టిస్తారు. దయచేసి పట్టించనివ్వకండి. తర్వాత దాన్ని పెకిలించేటప్పుడు గాజన్నా పగులుతుంది, రాయన్నా దెబ్బతింటుంది.

ఫ్లష్‌లో సిలికాన్ లేకుండా కుదరదు. రిపేరుకొస్తే ఆ గీతను బ్లేడుతో జాగ్రత్తగా కోసి, హాబ్ ఎత్తి, మళ్లీ కొత్తగా నింపి, ఆరేదాకా ఆగాలి. అదైనా ఫరవాలేదు. కొన్నేళ్ల తర్వాత ఆ హాబే మార్చాల్సి వస్తే అసలు టెన్షన్ అప్పుడు మొదలవుతుంది. కొత్తది సరిగ్గా అదే పొడవు, అదే వెడల్పు, మూలల్లో అదే వంపుతో దొరకాలి. మోడల్ ఆపేస్తే గట్టును మళ్లీ చెక్కించడమో, పెద్ద హాబ్ వేసి ఆ మెట్టును కప్పేయడమో తప్ప దారి ఉండదు. డ్రాప్-ఇన్ కోతలోకైతే చాలా కంపెనీల హాబ్‌లు దిగుతాయి.

గ్యాస్, కరెంటు పనులు రెండు పద్ధతుల్లోనూ ఒకటే. గ్యాస్‌కైతే చెయ్యి అందేచోట వాల్వు ఉండాలి, సిలిండరు గ్యాసుకో పైపు గ్యాసుకో తగిన జెట్లు (బర్నరుకు గ్యాస్ వదిలే సన్నని ముక్కులు) ఉండాలి, కలిపాక సబ్బు నీళ్లతో లీకు చూడాలి. నాలుగు జోన్ల (గిన్నెలు పెట్టే చోట్ల) ఇండక్షన్ అయితే 7 కిలోవాట్లు దాటుతుంది. 230 వోల్టుల మీద దానికి 32 ఆంపియర్ల విడి లైను కావాలి, మామూలు ప్లగ్గుకు తగిలించేది కాదు. తేడా ఉన్నది ఒక్క చోటే. ఫ్లష్‌లో హాబ్ నాలుగైదు మిల్లీమీటర్లు అదనంగా కిందికి దిగుతుంది, కింద డ్రాయరుంటే ఇండక్షన్‌కు గాలి ఆడే జాగా అంత తగ్గుతుంది. డ్రాయరు కొలతలు ఇచ్చేముందే ఇది చూసుకోవాలి.

ఇండక్షనే పెడుతున్నారు, గట్టు గట్టి రాయి, మెషీన్ ఉన్న వర్క్‌షాపు అందుబాటులో ఉంది, రేపు హాబ్ మారిస్తే గట్టు పని కూడా పడుతుందని తెలిసే దిగుతున్నారు: అప్పుడు ఫ్లష్ చేయించుకోండి, ముచ్చటగా ఉంటుంది. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా డ్రాప్-ఇనే మేలు. ఏది చేయించినా, వెబ్‌సైటులో చూసిన కొలతలు చెప్పి కోయించకండి. హాబ్ ముందే కొని, డబ్బా విప్పి, హాబ్‌నూ మాన్యువల్‌లోని కోత బొమ్మనూ కోసేవాళ్ల ముందు పెట్టండి. రాయి మీద గీత గీశాక టేపు పట్టుకుని మీరూ ఒకసారి కొలవండి, ఆ తర్వాతే మెషీన్ ఆన్ చేయమనండి.