ఐఈఎల్‌టీఎస్ కోచింగ్: లెక్చరర్ దగ్గరా, ఎనిమిదిన్నర బ్యాండ్ వచ్చినవాళ్ల దగ్గరా?

బీటెక్ ఆఖరి సెమిస్టర్ మొదలైతే చాలు, విదేశాల్లో చదువుకో ఉద్యోగానికో రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్ గురించి నాకు ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది. నెల్లూరు మాగుంట లేఅవుట్ నుంచి వస్తుంది, కావలి నుంచి వస్తుంది, ఒంగోలు నుంచి వస్తుంది. ఈమధ్య కందుకూరు, కనిగిరి పిల్లలు కూడా అడుగుతున్నారు. “ఒకచోట రిటైరైన ఇంగ్లీషు లెక్చరర్ చెప్తారంట సార్. ఇంకోచోట యూకేలో చదివొచ్చిన అన్న చెప్తాడంట, ఆయనకు తొమ్మిదికి ఎనిమిదిన్నర బ్యాండ్ వచ్చిందంట. ఎవరి దగ్గర చేరేది?”

అడగాల్సిన ప్రశ్నే. చెప్పేవాళ్లు ఏం చదివి, ఏ పని చేసి ఇటు వచ్చారో వాళ్ల పాఠంలో తప్పకుండా కనిపిస్తుంది. పరీక్షలో ఏ భాగం ఎంతసేపో, ఏ దేశానికి ఎంత బ్యాండ్ కావాలో మీకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. నేనెక్కడి నుంచి వచ్చానో మాత్రం ముందే చెప్తాను, నా మొగ్గు ఎటో మీరు లెక్కలోకి తీసుకోవచ్చు. ఎం.ఏ. ఇంగ్లీషు, డిగ్రీ కాలేజీలో కొన్నేళ్లు పాఠాలు, తర్వాత హైదరాబాదు ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ)లో ఇంగ్లీషు బోధనలో పీజీ డిప్లొమా, ఆ పైన ఈ పరీక్షల కోచింగ్.

ముందు లెక్చరర్ల సంగతి. మన దగ్గర వీఆర్ కాలేజీ, కావలి జవహర్ భారతి లాంటి చోట్ల ఇంగ్లీషు చెప్పిన, చదివిన తరాలు ఉన్నాయి. వీళ్లకున్న బలం చిన్నది కాదు. తెలుగు మీడియంలో పదో తరగతి దాటి వచ్చిన పిల్లవాడు ఎక్కడ తడబడతాడో వాళ్లకు ముందే తెలుసు. అడిగిందే పదిసార్లు అడిగినా విసుక్కోరు. వాక్యం తప్పని చెప్పడంతో ఆగకుండా ఎందుకు తప్పో కూడా చెప్పగలరు. చిక్కంతా వాళ్లకు అలవాటైన పరీక్షతోనే. ఇంటర్, డిగ్రీ పేపర్లు దిద్దిన చెయ్యి సైడ్ హెడింగులు, కొటేషన్లు, దస్తూరి, పేజీల సంఖ్య చూడటానికి అలవాటు పడిపోతుంది. ఐఈఎల్‌టీఎస్ రైటింగ్ రెండో టాస్క్‌లో, అంటే ఎస్సేలో, కనీసం 250 పదాలు రాయాలి. ఆ పైన ఎంత పొడుగు రాసినా పొడుగుకు మార్కు లేదు. కొటేషన్‌కు విడిగా మార్కు లేదు. అడిగిన ప్రశ్నకు జవాబిచ్చాడా, ఆలోచన ఒక వరసలో నడిచిందా, పదాలు ఎంత సరిగ్గా వాడాడు, వ్యాకరణం ఎంత వైవిధ్యంగా, తప్పుల్లేకుండా ఉంది అనే నాలుగూ చూస్తారు. నాలుగింటికీ సమాన వెయిటేజి. ఈ కొలతలను కూర్చుని చదవని లెక్చరర్ ఎంత పండితుడైనా పిల్లవాడిని డిగ్రీ పరీక్షకే తయారు చేస్తాడు. లిజనింగ్‌ను పక్కన పెట్టేసేవాళ్లు కూడా వీళ్లలోనే ఎక్కువ.

ఇక మంచి బ్యాండ్ తెచ్చుకుని చెప్పడం మొదలుపెట్టినవాళ్లు. ఇంగ్లీషు మీడియంలో చదివి, లండన్‌లోనో మెల్‌బోర్న్‌లోనో పీజీ చేసి తిరిగొచ్చిన పాతికేళ్ల కుర్రాళ్లు, అమ్మాయిలు. పరీక్ష గదిలో ఏం జరుగుతుందో వీళ్లకు నిన్నటి సంగతిలా గుర్తుంటుంది. రీడింగ్‌లో 60 నిమిషాలకు 40 ప్రశ్నలు ఎలా పంచుకోవాలి, హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాక పక్కవాడి కీబోర్డు చప్పుడును ఎలా పట్టించుకోకుండా ఉండాలి లాంటివి వీళ్లు చెప్పినంత బాగా లెక్చరర్ చెప్పలేడు. ‘ఈ అన్నకు వచ్చింది, మనకూ వస్తుంది’ అనే ధైర్యం కూడా పిల్లలకు వీళ్ల దగ్గరే దొరుకుతుంది.

కానీ ఎనిమిదిన్నర అనే అంకెను కాస్త విప్పి చూడండి. లిజనింగ్ 9, రీడింగ్ 9, స్పీకింగ్ 8, రైటింగ్ 7 వచ్చిందనుకుందాం. మొత్తం 33, సగటు 8.25. ఈ పరీక్షలో సగటు పావు దగ్గర ఆగితే పై అర బ్యాండ్‌కు జరుపుతారు కాబట్టి ఫలితం 8.5. బోర్డు మీద ఎనిమిదిన్నర అని పడుతుంది, రైటింగ్‌లో మాత్రం ఆయనకు వచ్చింది ఏడే. మన పిల్లలు ఎక్కువగా ఆగిపోయేది సరిగ్గా ఆ రైటింగ్‌లోనే. అందుకే ఓవరాల్ ఎంత అని కాకుండా, రైటింగ్‌లో ఎంత వచ్చిందని అడగండి. ఇందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదు.

ఇంకో సంగతి. చిన్నప్పటి నుంచి వినీ చదివీ ఇంగ్లీషు పట్టుబడినవాళ్లకు తాము రాసింది ఎందుకు ఒప్పో తెలియాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. ఉదాహరణకు ‘ది’, ‘ఎ’ ఎక్కడ పెట్టాలనే గొడవ. తెలుగులో ఆర్టికల్స్ లేవు కాబట్టి మన పిల్లవాడు వాటిని వదిలేస్తాడు, లేకపోతే కనపడిన ప్రతి నామవాచకం ముందూ ‘ది’ తగిలిస్తాడు. “ఇక్కడ ‘ది’ ఎందుకు అన్నా?” అని అడిగితే “అట్టా రాస్తేనే బాగుంటది” అనే జవాబు వస్తుంది. వినే చెవికి బాగుండటం, బాగుండకపోవడం తేడా తెలిస్తే ఆ పిల్లవాడు కోచింగ్‌కే వచ్చేవాడు కాదు. అలాగే లిజనింగ్‌లో బహువచనం ‘ఎస్’ జారిపోతే జవాబు మొత్తం తప్పు కింద పోతుంది. మాట చివర అచ్చు పలకడం అలవాటైన మనకు ఆ చివరి ‘ఎస్’ ఎందుకు వినపడదో, దానికి చెవిని ఎలా అలవాటు చేయాలో చెప్పేవాళ్లు కావాలి.

కాల్ సెంటర్లలో, స్పోకెన్ ఇంగ్లీషు సెంటర్లలో ట్రైనర్లుగా చేసి ఈ వైపు వచ్చినవాళ్లు మూడో రకం. నోరు తెరిపించడంలో వీళ్లను మించినవాళ్లు లేరు. మాట్లాడాల్సిన అంశం రాసిన క్యూ కార్డు ఇచ్చి, ఒక్క నిమిషం టైమిచ్చి, రెండు నిమిషాలు ఆగకుండా మాట్లాడించేస్తారు. యాస మార్చమంటే మాత్రం వినకండి. పరీక్షలో చూసేది ఉచ్చారణ అర్థమవుతోందా లేదా అని. నెల్లూరు యాసకు మార్కులు కోయరు.

నాలుగో రకం, ఇంగ్లీషు ఎలా చెప్పాలో విడిగా నేర్చుకున్నవాళ్లు. ఇఫ్లూ 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీషుగా మొదలైందే ఇంగ్లీషు టీచర్లకు శిక్షణ ఇవ్వడానికి. కేంబ్రిడ్జి వాళ్ల సెల్టా సర్టిఫికెట్ ఇంకో దారి. దాని మూలం 1962లో లండన్‌లో జాన్ హేక్రాఫ్ట్ మొదలుపెట్టిన చిన్న శిక్షణ కోర్సులో ఉంది. ఇప్పుడు కనీసం 120 గంటల కోర్సు. అందులో ఆరు గంటలు నిజమైన విద్యార్థులకు పాఠం చెప్పాలి, వెనక కూర్చుని శిక్షకులు చూస్తారు. పాఠం అయ్యాక పిల్లలను ఎంతసేపు మాట్లాడనిచ్చావు, నువ్వెంతసేపు మాట్లాడావు, ఫలానా అమ్మాయి తప్పు చెప్తే ఎందుకు వదిలేశావు అని కూర్చోబెట్టి అడుగుతారు. మన కాలేజీల్లో ముప్పై ఏళ్లు పాఠం చెప్పి కూడా ఒక్కసారీ ఇలా అడిగించుకోని మాస్టార్లున్నారు. ఈ శిక్షణ వల్ల టీచర్ చూపు తన పాఠం మీద నుంచి పిల్లవాడు రాసిన కాగితం మీదికి మళ్లుతుంది.

అసలు సంగతి ఇదే. నా లెక్కలో మిగతావన్నీ దీని తర్వాతే: చెప్పేవాళ్లు పేపర్ ఎలా దిద్దుతారు?

ఎందుకింత పట్టు పడుతున్నానంటే, మన దగ్గర తరచూ కనిపించే స్కోర్ ఇలా ఉంటుంది: లిజనింగ్ 7.5, రీడింగ్ 7, స్పీకింగ్ 6.5, రైటింగ్ 5.5. ఓవరాల్ 6.5. ఇంట్లో స్వీట్లు పంచుతారు. తీరా యూనివర్సిటీ నిబంధనలో ‘ఏ భాగంలోనూ 6కు తగ్గకూడదు’ అని ఉంటే ఆ స్కోర్ పనికిరాదు. లిజనింగ్, రీడింగ్ ఇంట్లో కూర్చుని ప్రాక్టీస్ చేసి, జవాబులు చూసుకుని పెంచుకోవచ్చు. రైటింగ్‌లో ఆ అర బ్యాండ్ కదలాలంటే మీ కాగితం చదివి చెప్పే మనిషి ఉండాలి.

ఒకే ఎస్సేను ఇద్దరు దిద్దడం నేను దగ్గర నుంచి చూశాను. ప్రభుత్వం రోడ్ల మీద ఖర్చు పెట్టాలా, బస్సుల మీదా అనేది ప్రశ్న. ఆ అమ్మాయిది ఉదయగిరి వైపు పల్లె. బస్సులు జనానికి చాలా ఉపయోగం అని రాసింది. తర్వాతి వాక్యంలో అదే మాటను వేరే పదాలతో రాసింది, దాని తర్వాత వాక్యంలోనూ అదే. మొదట దిద్దినాయన పేజీ నిండా ఎర్ర సున్నాలు చుట్టి, స్పెల్లింగులు సరిచేసి, కింద ‘గుడ్, గ్రామర్ ఇంప్రూవ్ చేసుకో’ అని రాశాడు. శ్రద్ధగానే దిద్దాడు, అందులో అనుమానం లేదు. రెండో ఆవిడ వ్యాకరణంలో పదే పదే వచ్చిన రెండు తప్పులకు మాత్రం గీత గీసి మిగతావి వదిలేసింది. బస్సుల పేరా పక్కన “ఉపయోగం అన్నావు. ఎవరికి? ఏ టైముకి? బస్సు లేకపోతే ఏమవుతుంది?” అని రాసి, ఆ ఒక్క పేరా మళ్లీ రాసుకు రమ్మంది. మర్నాడు ఆ అమ్మాయి తెచ్చిన పేరాలో నెల్లూరు కాలేజీకి వచ్చి చదువుకునే ఆడపిల్లలు సాయంత్రం చివరి బస్సు తప్పిపోతుందని ల్యాబ్ క్లాసు మధ్యలోనే లేచి వెళ్లిపోవడం, కొందరి ఇళ్లలో అందుకే చదువు మాన్పించడం ఉంది. ఇంగ్లీషు అంతకుముందు లాగే ఉంది. జవాబు మాత్రం బ్యాండ్ పెరిగే జవాబు. పరీక్షకు కావాల్సిన ఆలోచన ఆ పిల్ల దగ్గర మొదటి నుంచీ ఉంది, అడిగినవాళ్లే లేరు. రెండో ఆవిడ బోధనలో శిక్షణ పొందిన టీచర్.

‘ఇన్ దిస్ మోడర్న్ ఎరా’ అని మొదలయ్యే టెంప్లేట్లు కంఠస్థం చేయించే సెంటర్లు మన నెల్లూరు, ఒంగోలు రెండు వైపులా ఉన్నాయి. బట్టీ పట్టిన వాక్యాలను గుర్తుపట్టడం ఎగ్జామినర్ల శిక్షణలో భాగం. ఏ రకం మాస్టారైనా సరే, మొదటి వారంలోనే టెంప్లేట్ చేతికిస్తే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

నర్సింగ్ పిల్లలకు నా జవాబు కొంచెం వేరే. యూకే నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ 2017 నుంచి వైద్య రంగం వాళ్ల కోసం పెట్టిన ఇంగ్లీషు పరీక్ష ఓఈటీని కూడా ఒప్పుకుంటోంది కాబట్టి నెల్లూరు నర్సింగ్ కాలేజీల నుంచి చాలామంది అటే చూస్తున్నారు. అందులో రైటింగ్ అంటే కేస్ నోట్స్ చదివి డాక్టరుకో ఇంకో నర్సుకో ఉత్తరం రాయడం. 45 నిమిషాల్లో మొదటి ఐదు చదవడానికే. నోట్స్‌లో ఉన్నదంతా రాస్తే మార్కులు పోతాయి. పేషెంటుకు పదేళ్ల కిందట జరిగిన అపెండిక్స్ ఆపరేషన్ ఈ ఉత్తరానికి అవసరమా కాదా అని తేల్చడానికి వార్డులో పనిచేసిన బుర్ర కావాలి. ఆ ఎంపిక నేర్పడంలో ఎంత శిక్షణ ఉన్నా ఇంగ్లీషు టీచర్ వెనకబడతాడు. స్పీకింగ్‌లోనూ రెండు రోల్ ప్లేలు. పేషెంటు భయాన్ని గుర్తించావా, విషయం అర్థమయ్యేలా చెప్పావా అని కూడా చూస్తారు. కాబట్టి ఓఈటీకి నర్సుగా చేసినవాళ్లు, ఇంగ్లీషు టీచర్ కలిసి చెప్పే చోటు దొరికితే దానికే నా ఓటు. ఒక్కరే దొరికితే, మీ ఇంగ్లీషు ఓ మాదిరిగా ఉందనుకుంటే నర్సు దగ్గర, వాక్యమే తడబడుతుంటే టీచర్ దగ్గర చేరండి.

పాత ఎగ్జామినర్లు దొరికితే మంచిదే, కొలతలు వాళ్ల చేతిలో ఉంటాయి. కానీ ఒంగోలు, నెల్లూరులో అలాంటివాళ్లు అరుదు. ఇప్పుడు కూడా ఎగ్జామినర్‌నే అని చెప్పుకుని ఫీజు అడిగేవాళ్ల దగ్గర మాత్రం జాగ్రత్త, ఆ పనిలో ఉన్నవాళ్లు గోప్యత నిబంధనలకు కట్టుబడి ఉండాలి. యూట్యూబ్ లిజనింగ్‌కు సరిపోతుంది. ఏఐ యాప్‌లు స్పెల్లింగు, వ్యాకరణం చూపించడానికి పనికొస్తాయి, అవి ఇచ్చే బ్యాండ్ అంకెను మాత్రం నమ్ముకోకండి.

మరి ఎవరి దగ్గర? బోధనలో శిక్షణ ఉండి, మన పిల్లలతో నాలుగేళ్లైనా పనిచేసినవాళ్లు దొరికితే మరో ఆలోచన వద్దు. దొరక్కపోతే, బ్యాండ్ కొలతలు చదివి అర్థం చేసుకున్న లెక్చరర్‌కే నా ఓటు, ముఖ్యంగా తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు. మీ ఇంగ్లీషు ఇప్పటికే బాగుండి, పరీక్షకు నెలే ఉండి, టైమ్ చాలడం లేదనే టెన్షన్ ఒక్కటే ఉంటే ఎనిమిదిన్నర బ్యాండ్ అన్న దగ్గరికి నిశ్చింతగా వెళ్లండి. ఆ పనికి ఆయనే సరైన మనిషి.

డెమో క్లాసుకు వెళ్లేటప్పుడు మీరు రాసిన ఎస్సే ఒకటి చేతిలో పెట్టుకు వెళ్లండి. “ఇది దిద్ది ఇస్తారా సార్, నాకు ఆరున్నర రాకుండా ఆపుతున్నది ఏది?” అని అడగండి. బ్యాచ్‌లో ఎంతమంది, వారానికి ఎన్ని ఎస్సేలు దిద్దుతారు, దిద్దేది పాఠం చెప్పే మనిషేనా లేక ఆఫీసులో ఇంకొకరా అని కూడా కనుక్కోండి. మీ కాగితం రెండు మూడు రోజుల్లో తిరిగొచ్చి, దాని మీద మీరు జవాబు చెప్పాల్సిన ప్రశ్న ఒక్కటైనా ఉంటే అక్కడ ఫీజు కట్టేయండి.