నాట్లకు రోజు కూలా, గుత్తా, ఉపాధి పనా? ఆడకూలీకి ఏది మేలు?

మా వైపు పల్లెల్లో కూలి ఎంతని అడిగితే రెండు అంకెలు చెబుతారు: మగమనిషికింత, ఆడమనిషికింత. చిన్న అంకె ఎవరిదో అడగక్కర్లేదు. ఎందుకలా అంటే "మగవాళ్ళది బరువు పని" అంటారు. పొద్దుగూకేదాకా బురదలో నడుం ఎత్తకుండా నాటడం తేలికనేవాళ్ళు ఒక్క మడి నాటి చూడాలి.

ఒకే పనికి, ఆ తరహా పనికి సమాన వేతనమివ్వాలని 1976లోనే చట్టం వచ్చింది. కానీ నాట్లు, కలుపు ఆడవాళ్ళకని, గట్లు చెక్కడం, మందు కొట్టడం, బస్తాలు మోయడం మగవాళ్ళకని ముందే పంచేశాక పోల్చడానికి ఒకే పని ఎక్కడ దొరుకుతుంది? రోజు కూలిలో చట్టం గట్టు దిగదు.

గుత్తలో ఆ పేచీ లేదు. ధర ఎకరానికి, మనిషికి కాదు. ఎకరం 5,000 చొప్పున పదిమంది జట్టు రోజుకు రెండెకరాలు వేసిందనుకుందాం, తలా వెయ్యి. బేరమాడేదీ జట్టే. (ఆటో కిరాయి ఎవరిదో ముందే తేల్చుకోవాలి, గొడవలన్నీ అక్కడే.) అయితే చీకటితో మొదలుపెట్టి పరుగులు తీయాలి. వయసు మళ్ళినవాళ్ళను, కడుపుతో ఉన్నవాళ్ళను జట్టు చేర్చుకోదు. పత్తికి కిలో లెక్కా ఇంతే: తొలి తీతలో గిడుతుంది, చివరి తీతలో చేనంతా తిరిగినా సంచి నిండదు.

ఉపాధి హామీ 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. ఆడా మగా ఒకటే రేటు, డబ్బు ఖాతాలో పడుతుంది. కొలతల్లో కోత పడుతుంది, చెల్లింపు ఆలస్యమవుతుంది, ఆ కూలి గుత్తకు సాటి రాదు. అయినా "ఈ రేటుకు రాం, ఉపాధి పనికి పోతాం" అనే ధైర్యం దానివల్లే వచ్చింది. 2025 డిసెంబరులో దాని స్థానంలో వచ్చిన చట్టం 100 రోజుల్ని 125 చేసింది గానీ, విత్తు, కోతల కాలంలో ఏడాదికి 60 రోజులు పనులు ఆపాలంది. ఆడవాళ్ళ బేరానికి బలముండే రోజులు సరిగ్గా అవే.

నన్నడిగితే ఒంట్లో ఓపికున్నవాళ్ళు నాట్లకు గుత్తే పట్టాలి. పత్తికి తొలి రెండు తీతలు కిలో లెక్క, తర్వాత రోజు కూలి. పెద్ద వయసువాళ్ళకు మాత్రం ఉపాధి పనే దిక్కు.