సీసీ కెమెరాకు పొడవాటి కేబుల్ లాగిస్తున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

రొయ్యల చెరువులకు, తోటలకు, గోడౌన్లకు సీసీ కెమెరాలు పెట్టించుకునే వాళ్లందరికీ ఈ హెచ్చరిక. కెమెరా ఏ కంపెనీదో, ఎన్ని మెగాపిక్సెళ్లో అందరం అడుగుతాం. కేబుల్ సంగతి మాత్రం బిగించేవాళ్లకే వదిలేస్తాం. వాళ్లు డబ్బు మిగుల్చుకునేది అక్కడే.

మాది భీమవరం దగ్గర చెరువు. షెడ్డులో కెమెరాల వీడియో రికార్డు చేసే డీవీఆర్ పెట్టె ఉంది. అక్కడి నుంచి చివరి గట్టు మీద తూము దగ్గర కెమెరా దాకా 120 మీటర్లు ఉంటుంది. ‘ప్యూర్ కాపర్ అండి, 300 మీటర్ల దాకా ఢోకా లేదు’ అని చెప్పి త్రీ ప్లస్ వన్ కేబుల్ (వీడియోకి ఒక కోయాక్సియల్ తీగ, దాని పక్కనే మూడు సన్నటి తీగలు) వేశారు. పట్టపగలు ఫోన్‌లో బొమ్మ చూపించి, డబ్బు తీసుకుని వెళ్లిపోయారు. చీకటి పడేసరికి ఆ కెమెరా స్థానంలో ‘వీడియో లాస్’ అని వచ్చింది. పట్టుబడికి దగ్గరపడిన చెరువుకి కాపలా కావాల్సిందే రాత్రి పూట!

ఫోన్ చేస్తే కెమెరా పోయిందన్నారు. కొత్తది బిగించి దానికీ బిల్లు వేశారు. రాత్రికి మళ్లీ అదే. ఈసారి డీవీఆర్ పోర్టు పోయిందన్నారు. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు.

మా బావమరిది ఎలక్ట్రీషియన్. పొద్దుగూకే వేళ నిచ్చెన వేసుకుని కెమెరా దగ్గర మల్టీమీటర్ పెట్టాడు. షెడ్డులో 12 వోల్టులు ఉంటే, వెలుతురు ఉండగానే అక్కడ 9.6 ఉంది. చీకటి పడి, రాత్రి చూడటానికి కెమెరాలో ఉండే ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) లైట్లు వెలగగానే 7కి జారిపోయింది. లోపల టిక్‌మని శబ్దం, ఎర్రగా మెరిసిన ఎల్ఈడీలు ఆరిపోయాయి. కాసేపటికి కెమెరా దానంతటదే ఆన్ అయింది, మళ్లీ టిక్, మళ్లీ ఆరిపోవడం. రాత్రంతా జరుగుతున్నది ఇదేనని అప్పుడు తెలిసింది.

తీగను బ్లేడుతో గీరి చూస్తే పైన రాగి రంగు, లోపల తెల్లటి అల్యూమినియం. బజార్లో దీన్నే సీసీఏ అంటారు. అసలు రాగి కంటే దీనిలో కరెంటుకి అడ్డు సుమారు ఒకటిన్నర రెట్లు. అది చాలదన్నట్టు 90 మీటర్ల కట్ట అయిపోయిన చోట గట్టు మీదే తీగలు మెలిపెట్టి టేపు చుట్టారు. ఉప్పు గాలికి ఆ అతుకు లోపల తెల్లగా పొడి కట్టింది.

వాళ్లు చెప్పే 300 మీటర్ల లెక్క గురించి బాగా గుర్తుపెట్టుకోండి. మంచి కోయాక్సియల్ కేబుల్ మీద వీడియో సిగ్నల్ అంత దూరం వెళ్లగలదు, అది నిజం. కానీ ఆ మాట వీడియోకే, అదే కేబుల్‌లో పక్కన ఉండే సన్నటి పవర్ తీగలకు కాదు. అసలైన రాగి తీగే అనుకుందాం. 0.25 చదరపు మిల్లీమీటర్ల తీగకు కిలోమీటరుకు సుమారు 70 ఓమ్‌ల అడ్డు ఉంటుంది. 120 మీటర్లంటే పోను, రాను 240 మీటర్లు, అంటే దాదాపు 17 ఓమ్‌లు. పగలు కెమెరా 0.15 ఆంపియర్లు తీసుకుంటే రెండున్నర వోల్టులు దారిలోనే పోతాయి. రాత్రి ఐఆర్‌తో కలిపి 0.4 తీసుకుందంటే ఏడు వోల్టుల దాకా పోతుంది. పైగా వోల్టేజీ తగ్గేకొద్దీ కెమెరా ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది. అందుకే పగలు చూపించే డెమోకి విలువ లేదు. రాత్రి, ఐఆర్ వెలుగుతుండగా, కెమెరా చివర వోల్టేజీ కొలిచి చూపించమని అడగండి. అది చూశాకే మిగతా డబ్బు ఇవ్వండి.

ఇలాంటప్పుడు కొందరు షెడ్డులో కెమెరాలకు 12 వోల్టులు ఇచ్చే పవర్ సప్లై (ఎస్ఎంపీఎస్) స్క్రూ తిప్పి 14, 15 వోల్టులకు పెంచి పోతారు. దూరం కెమెరా పనిచేస్తుంది కానీ, దగ్గరున్న కెమెరాలు కాలిపోయే ప్రమాదం ఉంది. దయచేసి ఒప్పుకోవద్దు. దూరం కెమెరాకు, చెరువు నీటికి గాలి పట్టించే ఏరియేటర్ల ప్యానెల్ నుంచి కరెంటు తీసుకుని అక్కడే అడాప్టర్ పెడితే వోల్టేజీ సమస్య తీరుతుంది. కానీ రెండు చోట్ల ఎర్తు తేడా ఉంటే బొమ్మ మీద అడ్డగీతలు పైకీ కిందికీ పాకుతాయి.

ఐపీ కెమెరా (నెట్‌వర్క్ కేబుల్ మీద నడిచేది) అయితే క్యాట్ 6 నెట్‌వర్క్ కేబుల్‌కి హద్దు 100 మీటర్లు. 250 మీటర్లు అని అమ్మే పీఓఈ స్విచ్‌లలో (ఒకే నెట్‌వర్క్ కేబుల్‌లో కరెంటూ పంపేవి) ఎక్స్‌టెండ్ మోడ్ వేస్తే వేగం 10 ఎంబీపీఎస్‌కి పడిపోతుంది. ఒక కెమెరాకి సరిపోవచ్చు, కానీ ఆ సంగతి అమ్మేటప్పుడే చెప్పాలి కదా! అక్కడా సీసీఏ కేబులే అంటగడుతున్నారు, చూసుకోండి.

మేము చివరికి తూము దాకా ఫైబర్ లాగించి, రెండు చివర్లా ఫైబర్‌ని నెట్‌వర్క్ కేబుల్‌కి కలిపే మీడియా కన్వర్టర్లు పెట్టించి, ఐపీ కెమెరా బిగించుకున్నాం. కరెంటు మాత్రం ఏరియేటర్ ప్యానెల్ నుంచే. ఫైబర్‌లో కరెంటు పారదు కాబట్టి ఎర్తు గొడవ లేదు. లోపల ఇనుప తీగ లేని ఫైబర్ కేబుల్ (డ్రాప్ కేబుల్) అడిగి తీసుకుంటే పిడుగు పడినప్పుడు ఆ దారిన షెడ్డులోకి కరెంటు వచ్చే భయమూ ఉండదు. ఏరియేటర్లన్నీ తిరుగుతున్నా ఇప్పుడు బొమ్మ కదలడం లేదు.

కొనేటప్పుడు జీఎస్టీ బిల్లు మీద ‘ప్యూర్ కాపర్’ అని, కేబుల్ సైజు, మీటర్లు రాయించుకోండి. రాయడానికి వెనకాడితే ఆ షాపు వదిలేయండి. కట్ట విప్పగానే మీ ముందే చివర గీరి చూడండి. ఇప్పటికే ఇలా మోసపోయిన వాళ్లు బిల్లు, తీగ ముక్క, రాత్రి వోల్టేజీ చూపించే వీడియో దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.