వెంగమాంబ అన్నప్రసాద భవనం: పనితీరుకు నా పూర్తి మార్కులు

తిరుమల వెళ్ళొచ్చినవాళ్ళు దర్శనం గురించీ, లడ్డూ గురించీ, గదుల గురించీ రాస్తారు. నేను మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనంలో వడ్డన గురించి రాస్తున్నాను. నేను ఒక ప్యాకింగ్ యూనిట్‌లో షిఫ్ట్ చూసుకుంటాను. సరుకు ఎక్కడ ఆగిపోయింది, ఎవరు ఎవరి కోసం ఖాళీగా నిలబడ్డారు అని కనిపెట్టడమే రోజూ నా పని, అందుకే కొండ మీద బంతిలో కూర్చున్నా చూపు వరసల మధ్య తిరిగేవాళ్ళ మీదకే పోతుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇంతమందిని కూర్చోబెట్టి, ఎవరినీ కసురుకోకుండా, కడుపునిండా పెట్టి పంపే చోటు నేను ఇంకోటి చూడలేదు.

తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉండగా 1985 ఏప్రిల్ 6న రోజుకు 2,000 మందికి అన్నదానంగా మొదలైంది ఇది. ఇప్పుడున్న పెద్ద భవనం 2011లో ప్రారంభమైంది. నాలుగు హాళ్ళు, ఒక్కో హాల్లో సుమారు వెయ్యి మంది కూర్చోవచ్చు. డబ్బు కట్టక్కర్లేదు, ఎవరైనా వెళ్ళి తినవచ్చు.

ఇక అసలు సంగతి. హోటల్లో అయితే ఒక టేబుల్ ఖాళీ అవగానే ఇంకొకరిని కూర్చోబెడతారు. ఇక్కడ అలా చెయ్యరు. జనాన్ని బయట కూర్చోబెట్టి, హాలు మొత్తం సిద్ధమయ్యాకే తలుపు తీసి అందరినీ ఒకేసారి లోపలికి పంపుతారు. పైకి ఇది ఆలస్యంలా అనిపిస్తుంది, కానీ ఆలోచించి చూడండి, హాల్లో ఉన్నవాళ్ళంతా ఒకే దశలో ఉంటారు కాబట్టి అందరికీ ఒకసారే చక్కెర పొంగలి, ఒకసారే అన్నం, ఆ వెనకే సాంబారు, రసం, మజ్జిగ వస్తాయి. వడ్డించేవాళ్ళు వరస ఈ చివర నుంచి ఆ చివరకు ఆగకుండా నడిస్తే చాలు. పక్కాయన మజ్జిగ దగ్గరుంటే మనం ఇంకా పప్పు కోసం చెయ్యెత్తే పరిస్థితి రాదు. పదార్థాలు తక్కువే కాబట్టి ఏం కావాలో అడిగి, విని, మళ్ళీ లోపలికెళ్ళి తెచ్చే పనీ లేదు. బరువైన అన్నం గంగాళాలు ట్రాలీల మీద మనిషి దగ్గరకే వస్తాయి.

చాలామంది ఇక్కడ గొప్పతనమంతా వంటలో ఉందనుకుంటారు. వంట పెద్దదే, కాదనను, ఆవిరితో పెద్ద ఎత్తున వండుతారు, 2002లోనే ఎండతో ఆవిరి పుట్టించే ఏర్పాటు కూడా కొండ మీద పెట్టారు. కానీ నా లెక్కలో గెలుపంతా ఆకులు ఎత్తే దగ్గర ఉంది. ఊరికే ఒక లెక్క వేసుకుందాం. తలుపు ఒకసారి తీసినప్పటి నుంచి మళ్ళీ తీసేవరకు 40 నిమిషాలు పడుతుందనుకోండి. నాలుగు హాళ్ళకీ కలిపి గంటకు 6,000 మంది తింటారు. జనం లేచాక ఆకులు ఎత్తి, బల్లలు తుడిచి, మళ్ళీ సిద్ధం చేసే పనిలో ఒక్క 5 నిమిషాలు తగ్గిస్తే గంటకు 6,850 దాటుతుంది. కొత్త పొయ్యి లేదు, కొత్త హాలు లేదు, తినేవాళ్ళని తొందరపెట్టిందీ లేదు, అయినా గంటకు 850 మందికి అదనంగా భోజనం! అందుకే బంతి లేవగానే ఒక జట్టు ఆకులు లాగేస్తుంటే వెనకే ఇంకో జట్టు తుడుచుకుంటూ రావడం చూస్తే నాకు చెప్పలేనంత ఆనందం.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచింపజేసింది సేవకుల సంగతి. వడ్డించేవాళ్ళలో ఎక్కువమంది జీతగాళ్ళు కాదు, 2000లో మొదలైన శ్రీవారి సేవ కింద ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు. వారం రోజులు చేసి వెళ్ళిపోతారు, మళ్ళీ కొత్తవాళ్ళు వస్తారు. రైతులు, టీచర్లు, గృహిణులు, రిటైరైనవాళ్ళు. మా యూనిట్‌లో ఒక్క కొత్త మనిషి వస్తేనే లైన్ మందగిస్తుంది, అలాంటిది వారం వారం మనుషులు మారిపోయే చోట వడ్డన ఎలా నిలబడుతోంది? పనిని చిన్న ముక్కలుగా విడగొట్టారు కాబట్టి. ఒక మనిషికి ఒక పదార్థం, నడవడానికి ఒక వరస. పది నిమిషాల్లో ఎవరికైనా వచ్చేస్తుంది. అనుభవం కావాల్సిన పనులు, అంటే ఎంత వండాలి, ఏ హాలు ఎప్పుడు తెరవాలి లాంటివి, రోజూ ఉండే సిబ్బంది చేతిలో ఉంటాయి. మనుషులు నిలవట్లేదని బాధపడే ప్రతి యజమానీ ఈ విభజనను దగ్గరగా చూడాలి.

దీనికి పూర్తిగా ఎదురు మొన్న మా బంధువుల పెళ్ళిలో చూశాను. పేరు చెప్పను. మంచి ఫంక్షన్ హాలు, కూరలు బోలెడు, కానీ అన్నం పెట్టే చోటు ఒక్కటే. స్వీట్ల దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు ఖాళీగా నిలబడ్డారు, అన్నం దగ్గర లైన్ గుమ్మం దాటింది. ఆ ఇద్దరిలో ఒకడికి ఇంకో అన్నం డేగిసా ఇచ్చి అవతలి మూల నిలబెడితే సరిపోయేది, ఎవరికీ తట్టలేదు. ముసలివాళ్ళు ప్లేటు పట్టుకుని అంతసేపు నిలబడటం చూస్తే నాకు నిజంగా కోపం వచ్చింది. ఇలాంటి వాటికి డబ్బు అక్కర్లేదు, చూసే కన్ను ఉంటే చాలు.

బంతి పద్ధతికి ఎక్కడైనా కొంత ఖరీదు ఉంటుంది, అదీ చెప్పాలి. మనకి ఆకలైనప్పుడు కాదు, తలుపు తీసినప్పుడు తినాలి. అందరూ ఒకేసారి లేస్తారు కాబట్టి చేతులు కడుక్కునే దగ్గర రద్దీ సహజం. నెమ్మదిగా తినే పెద్దవాళ్ళకి, చిన్నపిల్లలకి ముద్ద కలిపి పెట్టే తల్లులకి కొంచెం కంగారు. ఇంట్లో పెద్దవాళ్ళుంటే మధ్యాహ్నం జనం పోటెత్తే వేళ కాకుండా కాస్త ముందో వెనకో తీసుకెళ్ళండి, వరస చివర కూర్చోబెట్టండి, లేవడం తేలిక.

మెస్సులు, క్యాటరింగ్, ఆఖరికి గోడౌన్లు నడిపేవాళ్ళు కూడా ఈసారి కొండకి వెళ్తే ఆకులు ఎత్తే ఆ కాసేపు గమనించండి. లోపలి నుంచి చూడాలనుంటే శ్రీవారి సేవకి టీటీడీ వెబ్‌సైట్‌లో పేరు నమోదు చేసుకోవచ్చు. మా యూనిట్ నుంచి ఒక జట్టుగా వెళ్దామని అడుగుతున్నాను, సూపర్‌వైజర్లు మాత్రం తప్పకుండా రావాలని చెప్పాను.