ఎత్తైన గోడకు ఫైర్‌ప్లేస్ మాంటెల్ పెట్టించుకునేవారికి ఒక హెచ్చరిక

బెంగళూరులో విల్లా కొనుక్కుని, రెండంతస్తుల ఎత్తున్న హాలు గోడకు ఎలక్ట్రిక్ ఫైర్‌ప్లేస్ (నిప్పుగూడులా కనిపించే కరెంటు హీటరు), దానిపైన అలంకరణకు మాంటెల్ (గోడనుంచి ముందుకు వచ్చే చెక్క అర) పెట్టించుకోవాలనుకుంటున్న మన తెలుగువారు అడ్వాన్సు కట్టకముందే ఇది చదవాలని రాస్తున్నాను. దసరా నవరాత్రుల్లో ఐదో రాత్రి మా ఇంట్లో ఆ మాంటెల్, దానిమీద నిలబెట్టిన అద్దంతో సహా, గోడనుంచి ఊడి కిందపడింది. ఆ పగలంతా మా అమ్మ సరిగ్గా అక్కడే పీట వేసుకుని వత్తులు చేసుకుంటూ కూర్చుంది.

సర్జాపుర రోడ్డు వైపున్న మా ఇంట్లో ఆ గోడ ఎత్తు 20 అడుగులు. మాంటెల్ 5 అడుగుల దగ్గరే ఆగిపోతుంది కాబట్టి పైనున్న గోడంతా బోసిగా కనిపిస్తుందని ఇంటీరియర్ సంస్థవారు చెప్పిన మాట నిజమే. ఆ బోసితనం పోవడానికి 6 అడుగుల ఎత్తు, 4 అడుగుల వెడల్పు ఉన్న అద్దాన్ని మాంటెల్ మీద ఆనించి, పక్కన ఇత్తడి దీపపు సెమ్మెలు పెట్టినట్టు త్రీడీ బొమ్మ గీసి చూపించారు. బొమ్మ చాలా బాగుంది. గోడ దేనితో కట్టారో, అద్దం బరువెంతో మేము అడగలేదు, వారూ చెప్పలేదు. కొటేషన్‌లో ‘టేకు మాంటెల్’ అన్న ఒక్క ముక్క చూసి, పని మొదలుకాకముందే 70 శాతం సొమ్ము చెల్లించాము.

గాజు ఒక్కో మిల్లీమీటరు మందానికి చదరపు మీటరుకు రెండున్నర కిలోలు తూగుతుంది. మా అద్దం మందం 6 మిల్లీమీటర్లు కాబట్టి గాజే 33 కిలోలు, వెనుక ప్లైవుడ్డూ చుట్టూ ఫ్రేమూ కలిస్తే 50 దాటుతుంది. ఇంత బరువును మోయవలసిన గోడేమో ఏఏసీ బ్లాకులది, అంటే తేలికపాటి సిమెంటు దిమ్మెలది. ఈ బ్లాకుల లోపలంతా గాలి బుడగలే ఉంటాయి, ఎర్ర ఇటుకతో పోలిస్తే బరువు మూడో వంతు. అందువల్ల స్క్రూ బిగించడానికి గోడ రంధ్రంలో దూర్చే మామూలు ప్లాస్టిక్ ప్లగ్గు అందులో గట్టిగా పట్టుకోదు. ఆ బ్లాకులకే తయారుచేసిన పొడవైన యాంకర్లో (గోడలో పట్టు నిలిపే బిగింపులు), రసాయన జిగురుతో బిగించే కడ్డీలో వాడాలి, లేదా బరువును కాంక్రీటు బీముకు అప్పగించాలి. పైగా మాంటెల్ గోడనుంచి ఎంత ముందుకు వస్తే పై వరుస స్క్రూల మీద అంత లాగుడు పడుతుంది. మాది 10 అంగుళాలు ముందుకు వచ్చింది. ఊడిన చోట నేను లెక్కపెట్టిన ప్లగ్గులు ఆరు, అన్నీ రెండు అంగుళాలలోపువే, తమతోపాటు తెల్లటి పొడిని పట్టుకుని బయటికి వచ్చేశాయి.

విరిగిన ముక్కను చేతిలోకి తీసుకుంటే, టేకన్నది పైన కాగితమంత పలుచని వెనీర్ పొర మాత్రమేనని, లోపలంతా ఎండీఎఫ్ (చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసే పలక) అని తెలిసింది. హీటరు వేడిగాలి నేరుగా మాంటెల్ అడుగుకే తగిలేలా పెట్టడంతో అక్కడ జిగురు వదిలి వెనీర్ అంతకుముందే లేచిపోయి ఉంది. 2000 వాట్ల హీటరుకు 9 ఆంపియర్ల దాకా కరెంటు కావాలి, 16 ఆంపియర్ల సాకెట్ తప్పనిసరి. ప్యానెల్ వెనుక మాకు దొరికింది 6 ఆంపియర్లది, దాని అంచులు అప్పటికే గోధుమరంగుకు తిరిగాయి. మాంటెల్ పడకపోయి ఉంటే ఈ సంగతి ఎప్పటికి బయటపడేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

దసరా కొలువు కోసం మాంటెల్ మీద బొమ్మలు ఎక్కువ పెట్టడంవల్లే పడిందని సంస్థవారు జవాబిచ్చారు. అవి కొండపల్లి బొమ్మలు, తేలికైన తెల్లపొణికి కర్రతో చేసినవి. పగిలిన అంబారీ ఏనుగుతో సహా అన్నిటినీ వంటింటి కాటాలో తూచితే నాలుగు కిలోలు కూడా లేవు. ఆ ఫొటోలు, కొటేషన్, చెల్లింపు రసీదులు జతచేసి రాతపూర్వకంగా నోటీసు పంపాను. వారు దారికి రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే అక్కడ ఫీజు లేదు, రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. ముందుగా సలహా కావాలంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

ఇకపై కట్టించుకునేవారు కొటేషన్‌లో చెక్క పేరు, గోడ రకం, యాంకర్ రకం, ఎంత బరువు మోస్తుందన్న సంఖ్య రాయించుకుని, బిగించే రోజు దగ్గరుండి చూడండి. ఎత్తు గోడను నింపడానికి బరువే అక్కరలేదు. మేమిప్పుడు పైన బీముకు కడ్డీ బిగించి, శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డను నిలువుగా వేలాడదీశాము.

ఇప్పటికే ఇలాంటి మాంటెల్ ఉన్నవారు ఈ రోజే దాని పై అంచుకూ గోడకూ మధ్య ఒక విజిటింగ్ కార్డు పెట్టి చూడండి. మా ఇంట్లో పడడానికి వారం ముందే అక్కడ సన్నని నల్లగీత కనిపించింది, రంగు చిట్లిందనుకుని వదిలేశాము. కార్డు లోపలికి దూరితే ముందు పిల్లల్నీ పెద్దల్నీ అక్కడ కూర్చోనివ్వకండి, ఆ తర్వాత ఇద్దరు మనుషుల్ని పిలిపించి అద్దాన్ని దింపించండి.