ట్రాలీ లాగే పికప్‌కి అదనపు కమాన్ పట్టీయా, ఎయిర్ బ్యాగులా?

హన్మకొండ నుంచి మేడారం జాతరకి జనరేటర్ ట్రాలీ తగిలించుకుని వెళ్లే పికప్ వెనక కుంగితే, ముందు భాగం లేస్తుంది. స్టీరింగ్ తేలిపోతుంది, హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలో కొడతాయి.

ఈ కుంగుడు ఆపడానికి రెండు దారులు. ఒకటి, వెనక కమాన్ కట్టలో ఇంకో ఉక్కు పట్టీ కలపడం. ఈ అదనపు కమాన్ పట్టీ చౌక, గట్టిది. కానీ ఖాళీ బండి గుంతల్లో ఎగిరెగిరి పడుతుంది. రోజూ ఒకే బరువు మోసేవాళ్లకు ఇదే మేలు.

రెండోది ఎయిర్ బ్యాగులు. ఇవి ప్రమాదంలో తెరుచుకునేవి కాదు, స్ప్రింగులా పనిచేసే గాలి సంచులు; ఛాసిస్‌కీ యాక్సిల్‌కీ మధ్య కూర్చుంటాయి. లోడును బట్టి గాలి పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. పూర్తిగా మాత్రం తీసేయొద్దు; చాలా రకాలకు కనీసం 5 పీఎస్ఐ ఉండాలి. సీజన్‌కే ట్రాలీ కట్టేవాళ్లు వీటికే ఖర్చు పెట్టాలని నా అభిప్రాయం. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను: రెండు బ్యాగులకూ వేర్వేరు పైపులు వేయించండి. ఒకే పైపుకి కలిపితే, మలుపులో బరువు పడిన వైపు గాలి అవతలి బ్యాగులోకి పోయి బండి మరింత ఒరుగుతుంది. తాడ్వాయి అడవి దారి మలుపుల్లో అది ప్రమాదం. పైపు సైలెన్సర్‌కి దూరంగా పోవాలి. జాయింట్ల మీద సబ్బునీళ్లు పోసి లీకు చూడండి.

ఏది వేయించినా కంపెనీ ఇచ్చిన లోడు పరిమితి పెరగదు. బ్రేకులు, టైర్లు, యాక్సిల్ అవే కదా!